అరవై మూడో పేజీలో నవ్వు

నలభై ఏళ్లుగా ఒక నవలలో గుమాస్తాగా పనిచేస్తున్న జోగారావు, మొన్నామధ్య ఒక సోమవారం పదకొండు గంటలకు పుస్తకంలోంచి దిగివచ్చి, మా ఊరి శాఖా గ్రంథాలయంలో ప్రమోషనుకి అర్జీ పెట్టుకున్నాడు. పాత్రల అర్జీలు తీసుకునేది సోమవారాలే కాబట్టి లైబ్రేరియన్ సింహాద్రప్పడు గారు ఆశ్చర్యపోలేదు. స్టాంపు అంటించలేదని మాత్రం కసిరారు.

జోగారావు నోట్లో నాలుక లేని మనిషి. తప్పు అతనిది కాదు, రచయిత పిసినారితనం. మూడొందల పేజీల నవలలో అతనికి దక్కిన మాట "చిత్తం" ఒక్కటే. ఎస్టేటు మేనేజరు తిట్టినప్పుడల్లా అదే అనాలి.

అరవై మూడో పేజీలో, అదే ఎస్టేటు కచేరీలో పనిచేసే టైపిస్టు హైమవతి మిషను మీంచి తలెత్తి నవ్వుతుంది. ఎవరిని చూసి నవ్విందో రచయిత రాయలేదు. ఆ గదిలో మేనేజరు, బంట్రోతు, జోగారావు ఉన్నారు. నన్ను చూసేనా అని ఒక్కసారి అడగాలని నలభై ఏళ్లుగా అతని ప్రాణం కొట్టుకుపోతోంది. అడగబోతే నోటివెంట "చిత్తం" తప్ప రాదు. అందుకే అర్జీ.

"ఆవిడ నవ్విన పేజీలో నువ్వున్నావు, సాలదేటయ్యా?" అన్నారు లైబ్రేరియన్.

"చిత్తం" అన్నాడు జోగారావు. అర్జీ మాత్రం వెనక్కి తీసుకోలేదు.

నిబంధనల ప్రకారం ప్రశ్న వేసే అధికారం మేనేజరు హోదా నుంచే మొదలవుతుంది. మేనేజరు నూట నలభయ్యో పేజీలో గుండెపోటుతో పోయాడు కాబట్టి పోస్టు ఖాళీ. ముగ్గురు పాఠకుల సిఫారసు కావాలి. పన్నెండేళ్లుగా ఆ పుస్తకం ఎవరూ తీసుకెళ్లలేదు గానీ, చెదపురుగులు అట్ట నుంచి అట్ట దాకా శ్రద్ధగా చదివాయి. వాటినీ పాఠకులుగా లెక్కించవచ్చని పాత సర్క్యులరు ఒకటి దొరికింది. నెల తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది, మొదటి పేజీ నుంచే అమలయ్యేట్టు.

జోగారావుకి కుర్చీ, బల్ల మీద గంట, ఎన్ని మాటలైనా ఆడే హక్కు వచ్చాయి. మొదటిరోజు బంట్రోతుని ఊరికే తిట్టి చూశాడు. బాగానే వచ్చింది. రెండో రోజు గంట కొట్టి హైమవతిని పిలిపించాడు.

"హైమవతి గారూ, అరవై మూడో పేజీలో మీరు నవ్వింది... నన్ను చూసేనాండీ?"

ఆమె చేతులు కట్టుకుని తల వంచుకుంది. "చిత్తం."

అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. అంతలోనే అనుమానం వచ్చింది.

"కాదేమో. బంట్రోతుని చూసేమో?"

"చిత్తం" అంది హైమవతి.

ఆ వచ్చే సోమవారం జోగారావు మళ్లీ గ్రంథాలయానికి వెళ్లి, తన పాత గుమాస్తా పని తనకిప్పించమన్నాడు. లైబ్రేరియన్ ఈసారి లేచి నిలబడ్డారు.

"నానేటి సెయ్యను బాబూ? ఎక్కడానికే గానీ దిగడానికి ఫారం లేదు. తమరి సీట్లో కొత్తోడు సేరిపోనాడు."

జోగారావు అలవాటు కొద్దీ "చిత్తం" అనబోయి, హోదా గుర్తొచ్చి, "సరే" అన్నాడు.

ఇప్పుడు అరవై మూడో పేజీ తెరిస్తే, జోగారావు మేనేజరుగా ఆ గదిలోకి వస్తాడు. హైమవతి మిషను మీంచి తలెత్తి, లేచి నిలబడుతుంది. అతను గడప దాటి బయటికెళ్లాక లోపల ఆమె నవ్వినట్టు వినిపిస్తుంది. వెనక్కి తిరిగితే మళ్లీ అందరూ లేచి నిలబడతారు. అందుకని ఈమధ్య అతను తిరిగి చూడడం మానేసి, ఆ నవ్వు ఆగేదాకా గడప అవతలే నిలబడుతున్నాడు.