మూడోసారి దాకా వద్దనే మనిషీ, ముప్పై నాలుగడుగుల బండీ

మా ఆవిడ ఆర్డిస్‌ను దేనికైనా ఒప్పించాలంటే ఆ సంగతి ఆవిడతో చెప్పకూడదు. నలభై ఏడేళ్ల కాపురంలో నేను సంపాదించిన జ్ఞానమంతా అంతే. అందుకని, ఇంకాస్త పెద్ద చక్రాల ఇల్లు ఒకటి, ఎవరైనా వాడినదైనా సరే, కొనాలని నాకు బుద్ధి పుట్టగానే నేను చేసిన మొదటి పని తల కొట్టుకోవడం. ఊరికే కాదు. రోజూ, ఆవిడ చూస్తుండగా, మా పాత బండిలోని అలమర మూలకేసి.

ఆ పాత బండి పేరు వెన్నపెట్టె. పసుపు రంగు, పొట్టి ఒళ్లు. లోపల ఒకరు చొక్కా తొడుక్కోవాలంటే మిగతావాళ్లు కిందికి దిగాలి. ఒకసారి నేను తుమ్మితే ఆర్డిస్ ముక్కు తుడుచుకుంది, ఆ ఇరుకులో ఎవరి ముక్కు ఎవరిదో తెలియక.

నాలుగు రోజులు తల బొప్పి కట్టేలా కొట్టుకున్నాను. ఐదో రోజు చూస్తే అలమర మూలకి స్పాంజి అంటించి ఉంది. "ఇక నిశ్చింతగా కొట్టుకో డెల్మార్" అంది ఆర్డిస్.

నడుము నొప్పన్నాను. నా పక్క కింద చెక్కబల్ల పెట్టింది. ఈ పొయ్యి మీద కాఫీ గ్లాసెడే కాగుతోందన్నాను. సగం తాగమంది. చివరికి విసిగి, పెద్దబండి ఉంటే ఎంత హాయి అని గాలిలోకి అన్నాను.

"పెద్దబండి అయితే ఎవరు నడుపుతారు?"

"నేనే."

"అయితే ముందు హార్లన్‌కి చెప్పిరా."

హార్లన్ మా ఎదురింటాయన. ఆయన పోస్టు డబ్బా రోడ్డు పక్కన ఉంటుంది. వెన్నపెట్టెను వెనక్కి తీస్తూ దాన్ని నేను మూడుసార్లు పడగొట్టాను. నాలుగోసారికి హార్లన్ దాని గుంజని బకెట్లో పెట్టి సిమెంటు పోశాడు. ఇప్పుడు నా ఇంజను చప్పుడు వినపడగానే, తింటున్న ముద్ద వదిలేసి వచ్చి మరీ బకెట్‌ని లోపలికి ఈడ్చుకుపోతాడు. డ్రైవింగంటే ఆడవాళ్లకు మగవాడు లోకువ అనుకుని ఊరుకున్నాను. ఆర్డిస్ ఇరవై ఆరేళ్లు మా ఊరి స్కూలు బస్సు నడిపిన మాట నిజమే, మోకాలి లోతు మంచులో కూడా. కానీ బస్సు బస్సే, ఇల్లు ఇల్లే.

అసలు నా బాధ బండి గురించి కాదు, మారెన్ గురించి. మారెన్ మా మనవరాలు, మా అమ్మాయికి పెద్దపిల్ల. దాని తర్వాత గస్, లీఫ్ అని కవల మగపిల్లలు. మా అమ్మాయి పట్నంలో నర్సు, అందుకని ఏటా జూన్ నెల పిల్లలు మా దగ్గరే. నిరుడు ముగ్గురినీ వెన్నపెట్టెలో కుక్కి పడమటి కొండలకు తీసుకెళ్లాం. భోజనాల బల్ల మడిచి మగపిల్లల్ని దాని మీద పడుకోబెట్టాం. మారెన్ ముందు సీట్ల మీద అడ్డంగా పడుకుంది, పక్కటెముకల్లో గేరు రాడ్డు పెట్టుకుని. పొద్దున్నే "నిద్ర పట్టిందా తల్లీ?" అంటే, "నాకేం ఇబ్బంది లేదు తాతా" అంది.

మా మినెసొటాలో ఇబ్బంది లేదని ఎవరైనా అన్నారంటే ప్రాణం మీదికి వచ్చిందని అర్థం.

మొన్న ఈస్టర్‌కి అదే పిల్ల ఫోన్ చేసి, ఈ జూన్‌లో స్నేహితురాలి వాళ్ల సరస్సు ఇంటికి వెళ్తానేమో తాతా, మీకెందుకు నాతో ఇరుకు, అంది. పదమూడేళ్ల పిల్ల. ఆ వయసులో ఒక వేసవి చెయ్యి జారిందంటే, ఇక పెళ్లి శుభలేఖలోనే వాళ్ల పేరు చూసేది. ఆ రోజు నుంచే నేను తల కొట్టుకోవడం మొదలుపెట్టాను.

మేకుల కోసం పక్క ఊరు వెళ్లినప్పుడు కనబడింది అది. తెల్లటి బండి, నడుం చుట్టూ గోధుమరంగు చార, ముందు అద్దంలో అమ్మకానికి అని అట్టముక్క. కిటికీలోంచి తొంగిచూశాను. వెనక అటూ ఇటూ ఒకదాని మీద ఒకటిగా పడకలు. ఒక్కో పడకకి ఒక్కో తెర. గేరు రాడ్డు అక్కడికి ముప్పై అడుగుల దూరంలో ఉంది. ఆ తెరలు చూసి మనసు పారేసుకున్నాను. పదమూడేళ్ల పిల్లకి లాక్కోవడానికి ఒక తెర ఉంటే ఇంకేం కావాలి?

ఇంటికొచ్చి, "పుల్లటి రూబార్బ్ కాడలు కొనుక్కొద్దాం పద" అన్నాను.

"మన పెరట్లో ఉందిగా."

"అది మన పెరట్లోది."

ఆర్డిస్ నాకేసి ఒక్క క్షణం చూసి, చేతిసంచి తీసుకుని కారెక్కింది. అప్పుడే అనుమానపడాల్సింది నేను.

బండి గలావిడ పేరు లోరెట్టా. టెక్సస్ మనిషి. రిటైరయ్యాక మొగుడు తన సొంతూరని ఇక్కడికి తీసుకొచ్చాడట, మొన్న చలికాలంలో పోయాడట. పుట్టింటి వైపు వెళ్లిపోదామని ఉందనీ, ఇంత బండి నాకూ నా కుక్కకూ ఎందుకనీ తలుపు తీస్తూనే చెప్పేసింది. మా వైపు అయితే ఈ మాట చెప్పడానికి మూడు కాఫీలు పట్టేది.

"ఇవిగో తాళాలు. అలా ఓ చుట్టు తిప్పి రండి" అంది.

"అబ్బెబ్బే, మీకెందుకండీ శ్రమ" అన్నాను.

ఇక్కడ ఒక మాట. మర్యాద గలవాడు మూడోసారి దాకా వద్దనాలి. మా అమ్మ పాలు తాగమంటేనే రెండుసార్లు వద్దన్నవాణ్ణి నేను. ఇది మొదటిసారి. ఇంకో రెండుసార్లు అడుగుతుందని చెయ్యి చాచే ఉంచాను.

"సరే" అని లోరెట్టా తాళాలు జేబులో వేసేసుకుంది.

నా చెయ్యి గాలిలో ఉండిపోయింది. దానికో పని కల్పించాలని వెళ్లి టైరు తట్టాను.

"బండి నచ్చిందా నాయనా?"

"ఫర్వాలేదు, ఇంతకన్నా అధ్వాన్నమైనవి చూశాను" అన్నాను. మా ఇంటా వంటా ఇంతకు మించిన పొగడ్త లేదు. పెళ్లిపీటల మీద మా నాన్న మా అమ్మని చూసి ఈ మాటే అంటే ఆవిడ ఆనందంతో కళ్లు తుడుచుకుందట. లోరెట్టా మొహం మాత్రం చిన్నబోయింది.

"అయితే కొనే ఉద్దేశం లేదన్నమాట."

"అబ్బే, ఊరికే, రూబార్బ్ కోసం వచ్చాం."

"నా దగ్గర రూబార్బ్ లేదు" అంది. వెళ్లేటప్పుడు మెట్టు జాగ్రత్త అని కూడా అంది.

ఇంతసేపూ ఆర్డిస్ బండి లోపలే ఉంది. వెనక పడకలు చూసింది, తెరలు లాగి చూసింది. ముందుకెళ్లి డ్రైవరు సీట్లో కూర్చుంది. మోకాళ్లు నొప్పేమో అనుకున్నాను. అద్దం సర్దింది. జుట్టు చూసుకుంటోంది అనుకున్నాను. తీరా కారెక్కాక, కళ్లజోడు మరిచానంటూ దిగి మళ్లీ లోపలికి వెళ్లింది. నేను కార్లో కూర్చుని ఆవు దూడను ఈని నాకేంతసేపు ఎదురుచూశాను.

దారిలో, ఎలా ఉందన్నాను. "తెరలు ఉతకాలి" అంది, అంతే. మా వైపు అది కాదనడం కాదు. నాలో ఆశ పుట్టింది. లెక్క వేసుకున్నాను: ఇంకోసారి వెళ్లి రెండో వద్దు, మరోసారి వెళ్తే మూడోసారి అడుగుతుంది, ఇక పండగే. కానీ వెంటనే వెళ్తే ఆత్రం అనుకుంటారు కదా. వారం ఆగాను. ఆ వారమంతా ఆర్డిస్ సాయంత్రాలు చర్చిలో దుప్పటి కుట్టడానికని వెళ్లేది. ఆ కుట్టుకి మా జిల్లాకంతా సరిపడా దుప్పటి తయారై ఉండాలి.

వారం గడిచాక, రెండో వద్దుని దారిపొడవునా సాధన చేసుకుంటూ వెళ్లాను. బండి లేదు. అట్టముక్క లేదు. తలుపు కొట్టాను, లోరెట్టా లేదు. బండి నిలిచిన చోట గడ్డి పాలిపోయి పొడుగాటి మచ్చ మిగిలింది. ఆ గడ్డిలో, మారెన్ తెర ఎక్కడికి వచ్చేదా అని అడుగులతో కొలుచుకుంటూ చాలాసేపు నిలబడిపోయాను. ఎవరితో చెప్పుకోను? కొనడానికి రాలేదని నా నోటితో నేనే చెప్పాను కదా.

ఇంటికొస్తే గోరుచుట్టు మీద రోకటిపోటు. వాకిట్లో వెన్నపెట్టె కూడా లేదు. ఆర్డిస్ లేదు. పిలిస్తే హార్లన్ గుమ్మంలోకి వచ్చాడు. మా బండి చూశావా అంటే, "ఏదో వెళ్లినట్టే ఉంది" అని నేలచూపులు చూస్తూ నవ్వుకున్నాడు. పోస్టు డబ్బా రోడ్డు పక్కనే ఉంది. దాన్ని లోపలికి ఈడ్చే ప్రయత్నమే లేదు.

అప్పుడు వినబడింది, పెద్ద బండ్లు వెనక్కి వచ్చేటప్పుడు చేసే కూత. తిరిగి చూస్తే గోధుమరంగు చార. హార్లన్ డబ్బాకీ మా మేపుల్ చెట్టుకీ మధ్య సందులోంచి ముప్పై నాలుగడుగుల బండి వెనక్కి వస్తోంది. నేను కళ్లు మూసుకున్నాను. ఫెళ్లుమనే చప్పుడు కోసం కాచుకున్నాను. రాలేదు. కళ్లు తెరిస్తే బండి అటు జానెడు, ఇటు జానెడు విడిచి వాకిట్లో ఆగి ఉంది. హార్లన్ టోపీ తీశాడు. డ్రైవరు సీట్లోంచి ఆర్డిస్ దిగింది. మెడలో గొలుసుకి కళ్లజోడు వేలాడుతోంది. నాకు తెలిసినంతలో అది ఆ గొలుసుని ఏనాడూ విడిచింది లేదు.

"ఎలా?" అన్నాను.

"ఆవిడ ఇస్తానంది. నేను సరే అన్నాను."

"మొదటిసారే?"

"మొదటిసారే."

నేను మెట్టు మీద కూలబడ్డాను. ఇన్నేళ్లుగా ఇలాంటి మనిషితో కాపురం చేస్తున్నానా అనిపించింది.

ఆర్డిస్ పక్కన కూర్చుని తాపీగా చెప్పింది. "ఆవిడ మొగుడు ఆ బండిలో చెక్కపనంతా తన చేత్తో చేశాడు. దాన్ని పట్టుకుని అధ్వాన్నం అన్నావు. అది పొగడ్తేనమ్మా అని చెప్పి రావడానికే వెళ్లాను ముందు. ఏడ్చింది పాపం. తర్వాత మాటల్లో విషయం తేలింది. ఆవిడకి చిన్నబండి కావాలి, మనకి పెద్దది. వెన్నపెట్టెలో కుక్కని ఎక్కించుకుని ఈ పొద్దునే టెక్సస్ బయల్దేరింది. పైన ఇవ్వాల్సింది నా బస్సు పింఛన్లోంచి ఇచ్చాను."

"మరి చర్చిలో దుప్పటి?"

"వారం రోజులుగా చర్చి వెనక మైదానంలో దీన్ని తిప్పుతున్నాను."

"పెద్దబండి వద్దన్నావుగా నువ్వు."

"ఎప్పుడన్నాను? ఎవరు నడుపుతారు అని అడిగాను. అడగ్గానే నేనే అన్నావు. నువ్వు నడుపుతావా ఆర్డిస్ అని ఒక్కసారి అడిగావా?"

తేలు కుట్టిన దొంగలా, తల కొట్టుకోవడానికి స్పాంజి అంటించిన అలమర ఎక్కడుందా అని చూశాను. అదీ టెక్సస్ దారిలో ఉంది.

ఆర్డిస్ ఉతికిన తెర ఫోటో మారెన్‌కి పంపింది. "వస్తున్నా" అని వెంటనే జవాబొచ్చింది. ఆ పిల్ల ఒక్క వద్దు కూడా అనలేదు. మా వంశంలో ఏదో తేడా వస్తోంది.

జూన్ వచ్చింది. బయల్దేరే రోజు పిల్లలు ముగ్గురూ ఎక్కి తలో తెర లాక్కున్నారు. నేను కాఫీ ఫ్లాస్కు పట్టుకుని, మగవాణ్ణి కనక, కింద టైర్లు తడుతున్నాను. ఆర్డిస్ కిటికీలోంచి తల బయటపెట్టింది.

"డెల్మార్, వస్తున్నావా?"

బుద్ధి కన్నా ముందు నాలుక పలికింది. "అబ్బే, నాదేముంది, మీకెందుకు ఇరుకు, ముందు మీరు సర్దుకోండి."

"సరే" అని ఆర్డిస్ గేరు వేసింది.

బండి కదిలింది. ఫ్లాస్కు చంకలో పెట్టుకుని పక్కనే పరిగెత్తాను. వెనక కిటికీ తెర తొలగింది. మారెన్ మొహం కనబడింది, నవ్వాపుకోలేక ఎర్రబడి. "అమ్మమ్మా, ఇంకో రెండుసార్లు అడగాలి" అని అరిచింది.

బండి ఆగింది. తలుపు తెరుచుకుంది.

"వస్తావా?" అంది ఆర్డిస్.

"వస్తా" అన్నాను. ఇంకా వద్దనడానికి నాలో ఊపిరి లేదు.

ఎక్కేశాక వెనక్కి తిరిగి చూశాను. ఆ పరుగులో పడిపోకుండా దేన్నో పట్టుకున్నట్టు గుర్తు. హార్లన్ పోస్టు డబ్బా సిమెంటు బకెట్‌తో సహా రోడ్డుకి అడ్డంగా పడి ఉంది.