రెండో మనిషి ఓకే అనాలి

బుధవారం పొద్దున పదకొండుకల్లా కొత్త వెర్షన్ రిలీజ్ చేసేసి ఊపిరి పీల్చుకోవాలని దిల్‌సుఖ్‌నగర్ మృదుల పథకం. కాలనీకి కుళాయి నీళ్లు ఎప్పుడొస్తాయో ఫోన్‌లో చెప్పే ఉచిత యాప్ ఆమెది. కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది, ఎవరైనా దిద్ది, ఆ దిద్దుబాటును ‘ప్యాచ్’గా పంపొచ్చు. నీళ్ల వంతు మారబోతోందని తెలిసి, గురువారం అని పెట్టి తనే ప్యాచ్ రాసింది. అది సమయానికి వెళ్లకపోతే నాలుగు వందల ఇళ్లలో డ్రమ్ములు ఎండుతాయి, యాప్ పరువు గంగలో కలుస్తుంది.

అడ్డమల్లా బాల్‌రాజే. ఎవరి ప్యాచ్ వాళ్లే ఓకే చేసుకోకూడదు, రెండో మనిషి చూడాలన్న నియమం మృదులే పెట్టింది. ఆ రెండో మనిషి ఎల్‌బీ నగర్ బాల్‌రాజ్. మూడు రోజులు నానబెట్టి, తీరా ఇవాళ పద్నాలుగు అభ్యంతరాలు పంపాడు. ఆ అంకె చూడగానే ఆమెకు ఒళ్లు మండిపోయి ఫోన్ చేసింది.

“నాలుగు లైన్ల ప్యాచ్‌కి పద్నాలుగు వంకలా? మనిషివేనా నువ్వు?”

“జర ఆగున్రి మేడం. మొదటిది సదివిన్రా?”

“చదవను! నీకంటే మా ఆయన నయం!”

అన్నంత పనీ చేసింది. ఓకే చెప్పేవాళ్ల జాబితాలోంచి బాల్‌రాజ్‌ని పీకేసి, భర్త బాపిరాజు పేరు పెట్టింది. కొబ్బరి తురుముతున్న ఆయన ముందు ల్యాప్‌టాప్ పెట్టి, “ఆకుపచ్చ బటన్ నొక్కండి. చదవక్కర్లేదు” అని హుకుం జారీ చేసింది.

బాపిరాజు చదవలేదు. ముందొచ్చినవాళ్లకి ముందు అనుకుని, అడుగున రెండేళ్లుగా మూలుగుతున్న ప్యాచ్‌కి ఓకే కొట్టాడు. అది ఎవరో పరీక్ష కోసం పంపింది. పదకొండుకు దానంతటదే రిలీజై, కాలనీ ఫోన్లన్నిటా మోగింది: “నీళ్లు వస్తున్నాయి, పట్టుకోండి!”

క్షణంలో ఇంటింటా బిందెలు బయటికొచ్చాయి. కుళాయిల్లో మాత్రం గాలే. డ్యూటీకి బయల్దేరిన పక్కింటి సంధ్యారాణి వెనక్కి పరుగెత్తుకొచ్చి గేటు దగ్గర గొంతెత్తింది.

“ఏంది మృదులక్కా, పరాచికాలా? రేపు గదా అన్నవ్! నా బస్సు పాయె!”

మృదుల భర్త మీద విరుచుకుపడింది. “కళ్లెక్కడ పెట్టుకున్నారండీ?”

“నువ్వేగా చదవొద్దన్నావు!”

పళ్లు నూరుతూ ఆమె క్షమాపణ టైప్ చేస్తుండగా కుళాయి గురగురలాడి, నీళ్లు దబదబా దూకాయి. “వచ్చినయ్!” అని వీధంతా కేక.

మృదుల బిత్తరపోయి, బాల్‌రాజ్ రాసిన మొదటి అభ్యంతరం తెరిచింది. ‘వంతు గురువారం కాదు మేడం, బుధవారమే. పదకొండు దాటినంక ఇడుస్తరట. నీళ్లిడిసే లైన్‌మన్ వెంట మూడు దినాలు తిరిగి అడిగిన.’

తన ప్యాచే వెళ్లుంటే నాలుగు వందల ఇళ్లూ ఎండేవి. సిగ్గుతో ఆమెకు చెవులు వేడెక్కాయి.

బయట సంధ్యారాణి, “బాపిరాజన్నా, నువ్వు దేవునివే!” అంటోంది. ఆయన కొబ్బరి చేతులు తుడుచుకుంటూ, “ఏదో, నాకు తోచింది చేశాను” అంటున్నాడు.

మృదుల బాల్‌రాజ్ పేరు మళ్లీ చేర్చింది. కోపం ఇంకా బోలెడు ఉంది గానీ, తిట్టదగిన మనిషి ఇంట్లో ఒక్కతే కనబడింది.