దండేనికీ యాంటెన్నాకూ జరిగిన సంగ్రామం

లోకంలోని తడిబట్టలన్నిటినీ ఆరబెట్టడానికి సూర్యుడు కంకణం కట్టుకున్న ఒకానొక ఆదివారం ఉదయాన, పంపు నీళ్లు వచ్చి ఆగిపోయిన శుభఘడియలో, రెండంతస్తుల ఇంటి మేడ మీద, పిట్టగోడలే ప్రాకారాలుగా, నీళ్ల ట్యాంకే బురుజుగా, బీమా ఆఫీసు గుమాస్తా ఒకడు, హామ్ రేడియో లైసెన్సుధారి, కటింగ్ ప్లేయర్ హస్తుడై యుద్ధసన్నద్ధుడయ్యాడు.

అతని పక్షాన నాలుగు మూలలా నాలుగు ప్లాస్టిక్ గొట్టాలు నిలిచాయి. వాటి చుట్టూ చతురస్రంగా రాగితీగ తిరిగింది, అదే యాంటెన్నా. తీగ కొసలు రెండూ కేబుల్ వెంట కింది గదిలోని రేడియోకు చేరతాయి. ఈ తీగతో దేశదేశాల వారిని పలకరిస్తానని ఆఫీసులో అందరికీ చెప్పి ఉన్నాడు. అప్పటికి అతన్ని పక్క వీధి కూడా పలకరించలేదు.

ప్రతిపక్షాన అతని భార్య. గొట్టాల కోసం అతను ఆమె దండెం తీసేశాడు. ఆమె తడి తువ్వాళ్ల బకెట్టుతో మేడెక్కి షరతు ప్రకటించింది.

“పదింటికి మీ వాళ్లంతా రేడియోలో హాజరు చెప్పుకుంటారుగా. మీ గొంతు అందులో ఒక్కరికి వినబడాలి. వినబడితే ఈ గొట్టాలుంటాయి. లేకపోతే నా దండెం వస్తుంది.”

“ఒక్కరికేమిటి, ఖండాలు దాటుతుంది,” అని వీరుడు తీగ వైపు చేయి చాచాడు. “ఇది తీగ కాదు. నా గొంతుకు మొలిచిన రెక్క.”

“రెక్క మీద తువ్వాలేస్తే జారి కింద పడింది,” అందామె.

భోజనానికి పిలిస్తే వచ్చి, గొట్టం పట్టుకోవలసి వచ్చిన ఆమె తమ్ముడు మూల నుంచి పలికాడు. “కొంచెం త్వరగా ఎగరండి బావా. చేయి లాగేస్తోంది.”

తీగ పొడవు కుదిరిందో లేదో కేబుల్‌కు తగిలించిన మీటరు ముల్లు చెబుతుంది. దిగువన ఉంటే రేడియో శక్తి గాలిలోకి పోతుంది. ఎగువన ఉంటే వెనక్కి తిరిగొస్తుంది. ముల్లు ఎగువన ఉంది. తీగ పొడవెక్కువైందని వీరుడు తీర్మానించాడు. ఎవరినీ అడగలేదు, అడగడం వీరధర్మం కాదు. జానెడు కోశాడు. ముల్లు ఎక్కింది. మూరెడు కోశాడు. ఇంకా ఎక్కింది. శత్రువు బలపడేకొద్దీ విజృంభించే శూరుల తీరున అతను కోస్తూ పోగా, తంతుశకలాలు పాదాల చుట్టూ రాలగా, గొట్టాలు నాలుగూ లోపలికి వంగి అతనికే నమస్కరించాయి.

“బావా, కోసేకొద్దీ పెరుగుతోంది. ముందే కురచేమో?”

“నీకు సిద్ధాంతం తెలియదు.”

“జాకెట్టు బిగుతైందంటే మా దర్జీ కూడా ఇంకా కత్తిరించడు,” అంది భార్య.

పది కావస్తోంది. వీరుడు వంగాడు. తాను నరికిన శకలాలను తానే ఏరుకుని, చుట్టలో మిగిలిన తీగను కూడా జోడించి, కొసకు కొస మెలిపెట్టి, నల్లటేపు చుట్టాడు. ముల్లు సగం దాకా దిగింది. దాన్నే శత్రువు శరణాగతిగా స్వీకరించి, గదిలోకి పరుగు తీశాడు. మిగిలిన ఇద్దరూ వెనకే దిగారు.

రేడియోలో ఎక్కడి పెద్దాయనో హాజరు తీసుకుంటున్నాడు. గుమాస్తా తన కాల్‌సైన్, అంటే లైసెన్సులో ఇచ్చిన రేడియో పేరు, చెప్పాడు. బదులు లేదు. గొంతు పెంచాడు. పెద్దాయన వేరే ఎవరికో శుభోదయం చెప్పాడు.

“ఇక ముగిస్తున్నాను,” అంది రేడియో.

గుమాస్తా మైకు నోట్లో పెట్టుకున్నంత పని చేసి అరిచాడు.

రేడియోలో పెద్దాయన అన్నాడు, “ఆగండి. ఎవరో ఉన్నారు. ఏమంటున్నారో తెలియట్లేదు. ఎవరో మాత్రం ఉన్నారు. సరే, వచ్చే వారం చూద్దాం.”

భార్య బకెట్టు నేల మీద పెట్టింది. “ఎవరో అంటే మీరేనా?”

“నేనే.”

“నమ్మకమేంటి?”

“ఇంత అర్థం కాకుండా ఇంకెవరు మాట్లాడతారక్కా?” అన్నాడు తమ్ముడు.

ఆమె తీర్పు చెప్పింది. “వినబడాలన్నాను గానీ అర్థం కావాలనలేదు. ఉంచుకోండి.”

ఈ విధంగా, దండేన్ని జయించి, గొట్టచతుష్టయాన్ని నిలుపుకుని, ఆకాశవీధిలో ‘ఎవరో’ అనే బిరుదం ఆర్జించిన ఆ తంతువీరుడు, జయభేరి మోగించేవారు లేనందున, బకెట్టు తానే అందుకుని, తడి తువ్వాళ్లను వంటింటి తలుపు మీద ఒక్కొక్కటే ఆరేశాడు.