గ్రహాంతరం గారి గుండెనొప్పి

ఆ ఉదయం గ్రహాంతరం పెట్టుకున్న పని పెద్దదేమీ కాదు. స్నానం చేసి, కాఫీ తాగి, మెడికల్ కాలేజీకి వెళ్ళి, కడుపునొప్పితో మెలికలు తిరిగి, భోజనం వేళకి ఇంటికి వచ్చేయాలి. అంతే.

గ్రహాంతరం అనేది ఆయన అసలు పేరు కాదని వేరే చెప్పక్కర్లేదు. ఏ తల్లిదండ్రులూ కన్నబిడ్డకి అంత ద్రోహం చేయరు. వయసులో ఉండగా ఆయన టీవీలో ఒక సైన్స్ ఫిక్షన్ సీరియల్లో, ఒకే ఒక్క ఎపిసోడ్‌లో, ఊదారంగు గ్రహం రాణిగారికి అంగరక్షకుడిగా వేశాడు, ఆ పేరు అప్పుడే అంటుకుంది. మొహం నిండా ఊదారంగు పులిమి, నుదుటికి రబ్బరు కొమ్ము అంటించారు. రాణిగారికి తగలాల్సిన మంటల తుపాకీ దెబ్బని తన గుండెకి తగిలించుకుని చచ్చిపోవడం ఆయన పాత్ర. చచ్చిపోయాడు కూడా. చాలాసేపు చచ్చిపోయాడు. కుడిచెయ్యి పైకెత్తి, "ఆఁ" అని అరిచి, గుండ్రంగా ఓ చుట్టు తిరిగి, కెమెరా ఎక్కడుందో చూసుకుని మరీ పడ్డాడు. లైట్ల దగ్గర ఎవరో సరదాకి చప్పట్లు కొట్టారు. వెంటనే శవం లేచి నిలబడి, తల వంచి అభివాదం చేసింది.

మళ్ళీ తీశారు. మళ్ళీ ఎవడో కొట్టాడు, మళ్ళీ శవం లేచింది. ఇంకోసారి చప్పుడైతే అందర్నీ గెంటేస్తానని డైరెక్టరు జుట్టు పీక్కున్నాడు. అందులో మనవాడి తప్పేమీ లేదు, పాపం. చప్పట్లు వినబడితే చాలు, ఒంట్లో స్ప్రింగు పెట్టినట్టు లేచిపోతాడు, అది ఆయన పుట్టుక. ప్రసారమైన ఎపిసోడ్‌లో కూడా, జాగ్రత్తగా చూస్తే, శవం తల కాస్త ఎత్తి అటూ ఇటూ ఆశగా చూడటం కనిపిస్తుంది.

ఆ ఎపిసోడ్‌కి అతిథి నటులు ముగ్గురు. రాణిగా వేసినావిడ తరవాత ఏళ్ళ తరబడి సీరియళ్ళలో ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకుని, ఇప్పుడీ మెడికల్ కాలేజీలోనే ఉద్యోగం చేస్తోంది. రాణిగారి వెనక దీపం పట్టుకుని నిలబడ్డవాడు, ఒక్క మాటైనా లేనివాడు, పెద్ద హీరో అయి కూర్చున్నాడు. ఇక గ్రహాంతరం చావుల్లో స్థిరపడ్డాడు. రోడ్డు భద్రత ప్రకటనలో లారీ కింద పడ్డాడు. పొగ తాగొద్దన్న ప్రకటనలో దగ్గి దగ్గి పోయాడు. బీమా ప్రకటనలో అయితే నేరుగా గోడమీద ఫోటోగానే వేశాడు. దానికి కూడా ఇంట్లో అద్దం ముందు నిలబడి రిహార్సల్ చేసుకున్నాడు.

ఇందులో ఒక్కటీ ఆయన భార్య చూడలేదు. "మొగుడు చస్తుంటే కూర్చుని చూసే ఓపిక నాకు లేదు" అనేది.

"ఒక్కసారి చూసి, ఒక్క చప్పట కొట్టవే. నీ సొమ్మేం పోతుంది?"

"చావడం ఎవరికైనా వస్తుంది. మీరు బతికి చూపించండి, అప్పుడు కొడతాను."

ఆయనకి అదొక్కటే వెలితి.

మెడికల్ కాలేజీ సంగతి కూడా చెప్పాలి. పరీక్షల రోజున నిజం రోగులు దొరకరు, దొరికినా అడిగిన వేళకి నొప్పి రాదు. అందుకని విద్యార్థుల ముందు రోగుల్లా నటించడానికి మనుషుల్ని పెట్టుకుంటారు. ఎవరికి ఏ జబ్బో పంచేది రాణిగారే. అన్నిట్లోకీ మంచి పాత్ర గుండెపోటు. అది గ్రహాంతరానికి ఇవ్వకుండా, పుట్టి బుద్ధెరిగాక నాటకం మొహం చూడని ఒక రిటైర్డ్ గుమాస్తాకి ఇస్తోంది. ఆ కడుపుమంటతో, కిందటేడు మోకాలినొప్పి ఇస్తే మనవాడు మధ్యలో గుండెపోటుకి మారిపోయాడు. మోకాలికి కట్టు కడుతున్న విద్యార్థి బిత్తరపోయి పరీక్ష తప్పాడు. "ఇంకోసారి గుండెమీద చెయ్యి వేశావంటే, నీకసలు జబ్బే ఇవ్వను" అని రాణిగారు అప్పుడే తెగేసి చెప్పింది.

ఇదిగో, ఇలాంటి చరిత్ర ఉన్న మనిషికి ఆ ఉదయం చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే గుండెలో ఎవరో పిడికిలి బిగించినట్టైంది.

"ఏమండీ, మొహం అలా పాలిపోయిందేం? ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళండి" అంది భార్య.

"నేను వెళ్ళేదెక్కడికే? కాలేజీకే కదా, అక్కడ రాయి విసిరితే డాక్టరుకే తగులుతుంది" అని ఆయన చెప్పులేసుకున్నాడు.

బస్ స్టాపులో నొప్పి మళ్ళీ వచ్చింది. ఈసారి చెయ్యి లాగేసింది. గ్రహాంతరం గుండె పట్టుకుని బెంచీ మీద కూలబడ్డాడు. పక్కవీధి బట్టలకొట్టాయన చూసి ఆనందపడిపోయాడు. "రిహార్సలా అన్నయ్యగారూ! ఆ చెమటేంటి, ఆ చూపేంటి! భలే!" అని చప్పట్లు కొట్టాడు. గ్రహాంతరం ఏం చేస్తాడు? లేచాడు. తల వంచాడు. అలాగే వెళ్ళి బస్సెక్కాడు.

కాలేజీ గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు. "అయ్యా, చెయ్యి కొంచెం కిందకి. ఇవాళ మీకు కడుపునొప్పి. అమ్మగారు చూశారంటే నా ప్రాణం తీస్తారు."

"ఒరేయ్, నాకు నిజంగానే గుండె..."

"కిందటేడూ నిజంగానే అన్నారు కదండీ" అంటూ వాడే ఆ చెయ్యి పట్టుకుని మర్యాదగా పొట్టమీదికి దించాడు.

లోపల నటులంతా మెడలో అట్టముక్కలు తగిలించుకుని సిద్ధంగా ఉన్నారు. కాలు విరిగినవాడు బిస్కట్లు తింటున్నాడు. "గుండెపోటు" అన్న అట్ట గుమాస్తాగారి మెడలో వేలాడుతోంది. రాణిగారు గ్రహాంతరం మెడలో "కడుపునొప్పి" వేస్తూ కళ్ళెర్రజేసింది.

"మొదలెట్టావా?"

"తల్లీ, నీ కాళ్ళు పట్టుకుంటాను. ఇది నటన కాదు."

"నాకు తెలీదూ? నీది ఎప్పుడూ నటన కాదు. వెళ్ళు, వెళ్ళి పడుకో. గంట మోగేదాకా పాత్ర వదలకూడదు, అందరికీ చెప్తున్నా!"

పరీక్ష గదిలో మంచం, ఎదురుగా గోడమీద పెద్ద పోస్టరు. అందులో ఆనాటి దీపం పట్టుకున్నవాడు, ఇప్పటి హీరో, తెల్లటి పళ్ళతో నవ్వుతూ, "మీ గుండె చెప్పేది వినండి" అంటున్నాడు. దాని కింద గ్రహాంతరం వెల్లకిలా పడుకున్నాడు. జీవితంలో మొదటిసారి ఆయనకి భయం వేసింది. నిజంగా పోతానేమోనని. ఇంట్లో ఆవిడ ఒక్కతే ఉంటుందని.

విద్యార్థిని వచ్చింది. పరీక్షకుడు మూలన కుర్చీలో కూర్చున్నాడు.

"ఎక్కడండీ నొప్పి? ఇక్కడా?" అని ఆ అమ్మాయి పొత్తికడుపు నొక్కింది.

"పైన."

"ఇక్కడా?"

"ఇంకా పైన."

"ఇక్కడ?"

"ఇంకా పైకమ్మా..."

"సార్, కడుపు అయిపోయింది" అంది అమ్మాయి బెదురుగా.

"ఆయన మాటలు నమ్మకు. ఆయన పద్ధతే అంత. నువ్వు కడుపు దాటి పైకి వెళ్ళావంటే మార్కులు పోతాయి" అన్నాడు పరీక్షకుడు. తరవాత మంచం వైపు మెచ్చుకోలుగా చూశాడు. "చెమట మాత్రం ఈసారి బాగా చల్లారు."

ఇంతలో గ్రహాంతరం మాట ఆగిపోయింది. చెయ్యి పైకెత్తలేదు. "ఆఁ" అనలేదు. ఎవరి వంకా చూడలేదు. తల ఒక పక్కకి వాలింది, అంతే.

"పిలవండి ఆవిణ్ణి! ఏటా ఇదే గోల!" అని పరీక్షకుడు లేచాడు.

రాణిగారు చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని పరుగున వచ్చింది. "లేవయ్యా! పిల్లదాని చదువు పాడు చెయ్యకు! లే!" అని కసిరింది. ఆయన కదల్లేదు. "నీ మందు నాకు తెలుసులే" అని చప్పట్లు కొట్టింది. కదల్లేదు. "ఏం చూస్తున్నారు, అందరూ కొట్టండి!" అంది. పరీక్షకుడు కొట్టాడు. ఏడుపు మొహంతో విద్యార్థిని కొట్టింది. చప్పుడు విని పక్కగదుల్లోంచి కాలు విరిగినవాడు పరుగెత్తుకొచ్చాడు, మాట పడిపోయినావిడ "ఏమైంది, ఏమైంది" అంటూ వచ్చింది, వాళ్ళూ కొట్టారు. గదంతా దద్దరిల్లిపోయింది. మధ్యలో మనిషి నిశ్చింతగా పోతున్నాడు.

అప్పుడు రాణిగారి చేతులు గాల్లోనే ఆగిపోయాయి.

"లేవలేదు" అంది మెల్లిగా. తరవాత ఆ పోయిన గొంతుతోనే కాలేజీ అదిరేలా అరిచింది. "చప్పట్లకి లేవలేదు! వీడు లేవలేదంటే నిజమే! ఓరి నాయనో, నిజం గుండెపోటు!"

పరీక్షకుడు కంగారులో తన కాగితాలు తిరగేశాడు. "కానీ ఇది కడుపునొప్పి గది కదా..."

"తప్పుకోండి సార్!" అని విద్యార్థిని ఆయన్ని ఒక్క తోపు తోసి, మంచమెక్కి, రెండు చేతులతో గుండెమీద నొక్కడం మొదలుపెట్టింది. ఎవరో ఎదురు భవనంలో ఉన్న ఆసుపత్రికి ఫోను చేశారు. స్ట్రెచరు తీసుకుని ఇద్దరు దూసుకొచ్చారు. "గుండెపోటు ఎవరు?" అని వరండాలో అరిచారు. కుర్చీలో బుద్ధిగా గుండె పట్టుకు కూర్చున్న గుమాస్తాగారు, గంట ఇంకా మోగలేదు కాబట్టి, మూలుగుతూ మెడలో అట్ట చూపించాడు. ఆయన్ని ఎత్తి పడేసుకుని వాళ్ళు వెళ్ళిపోయారు. ఆసుపత్రిలో చొక్కా చించి, సూది దించేదాకా ఆ మహానుభావుడు పాత్ర వదల్లేదు. సూది దిగాక మాత్రం వదిలేశాడు. స్ట్రెచరు వెనక్కి వచ్చేదాకా ఆ అమ్మాయి నొక్కుతూనే ఉంది. మణికట్లు వాచిపోయినా ఆపలేదు. గ్రహాంతరం బతికాడంటే ఆ పిల్ల చలవే.

కళ్ళు తెరిచాక మంచం పక్కన రాణిగారు కనిపించింది.

"ఎలా చేశాను?" అన్నాడు.

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "నీ జన్మలో ఇంత బాగా చెయ్యలేదు, వెధవా. వచ్చే ఏడాది గుండెపోటు నీకే."

కానీ అసలు డాక్టర్లు ఒప్పుకోలేదు. గుండెలో మిగిలింది కొంచెమేననీ, ఇక మీదట కడుపునొప్పి కూడా నటించకూడదనీ చెప్పారు. ఆయన భార్యని పక్కకి పిలిచి ఇంకో మాట కూడా చెప్పారు. ఈసారి ప్రాణం నిద్రలోనే పోవచ్చన్నారు.

ఇంటికి తీసుకొచ్చాక ఆవిడకి కంటిమీద కునుకు లేదు. తెల్లారేసరికి గుండె దడదడలాడుతూ ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది. ఆయన ఉలిక్కిపడి లేచేవాడు. "ఇలా అయితే నీ వేలే నన్ను చంపేస్తుందే" అని విసుక్కునేవాడు. గట్టిగా పిలిస్తే ఆయనకి దడ, తట్టి లేపితే దడ. ఏం చెయ్యాలో తోచక ఒకరోజు, చప్పట్లకి ఎలా లేస్తాడో ఆసుపత్రిలో రాణిగారు చెప్పింది గుర్తొచ్చి, గుమ్మంలో నిలబడి చప్పట్లు కొట్టింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అదే మొదటిసారి.

ఆయన లేచి కూర్చున్నాడు. తరవాత మంచంమీదే తల వంచి అభివాదం చేశాడు.

"ఏ పాత్రకే ఇది?"

"బతికి చూపించారుగా. దానికి" అంది ఆవిడ, ఏడుస్తూ నవ్వుతూ.

అప్పట్నుంచి రోజూ అదే. ఆవిడ కాఫీ పెట్టి, గుమ్మంలోకి వచ్చి చప్పట్లు కొడుతుంది. ఆయన లేచి తల వంచుతాడు. దీపం పట్టుకున్నవాడికి కూడా ఇంత నమ్మకమైన ప్రేక్షకులు ఉండరని బట్టలకొట్టాయన దగ్గర గొప్పలు పోయేవాడు. కాఫీ చల్లారకముందే లేవాలని ఆవిడ కసిరితే, ఇంకాస్త కొట్టించుకోవాలని కొంటెగా కళ్ళు మూసుకునే పడుకునేవాడు. ఆవిడ తిడుతూ, భయపడుతూ, ఇంకాస్త కొట్టేది. అప్పుడు లేచేవాడు.

వేసవి వెళ్ళింది, వానలు వెళ్ళాయి.

చలి మొదలైన రోజుల్లో, ఒక ఉదయం, ఆవిడ చాలాసేపు చప్పట్లు కొట్టింది.