పక్కవాళ్ళ ట్యాంకుల్లో మా బావ పెట్రోలు

మా బావ ఆసుపత్రిలో స్టోర్‌కీపర్. దూది, బ్యాండేజీలు, సూదులు, సిరంజిలు అన్నీ ఆయన దగ్గర ఉంటాయి. ఉంటాయంటే ఉండిపోతాయని అర్థం. ఎవరైనా అడగడానికి వస్తే, అంత అవసరమా, ఒకసారి ఆలోచించుకుని రండి అని పంపించేస్తాడు. వాళ్ళు ఆలోచించుకుని వచ్చేసరికి దెబ్బ దానంతటదే మానిపోయిన సందర్భాలు ఉన్నాయని నర్సులు చెప్పుకుంటారు.

ఆయనకి అందరూ పెట్టిన పేరు ముందుచూపు. నేను కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తాను. దూరపు చూపుకీ, దగ్గర చూపుకీ మా దగ్గర అద్దాలున్నాయి. ముందుచూపుకి లేవు. దాన్ని కాస్త తగ్గించేవి ఎక్కడైనా దొరుకుతాయేమో కనుక్కోరా అని మా అక్క నన్ను చాలాసార్లు అడిగింది.

నేను వాళ్ళింటి మేడ మీది గదిలో ఉంటాను. సొంత బావమరిదిని కాబట్టి అద్దె అడగరు. అద్దె అడగరు కాబట్టి మిగతావన్నీ అడుగుతారు.

ఒక గురువారం సాయంత్రం ముగ్గురం భోజనం చేస్తుండగా టీవీలో ఒక వార్త వచ్చింది. పెట్రోలు తెచ్చే లారీల డ్రైవర్లు సోమవారం నుంచి సమ్మె చేసినా చెయ్యవచ్చునట. 'చేసినా చెయ్యవచ్చు' అన్నది మాకు వినిపించింది. బావకి 'సోమవారం' అన్నదొక్కటే వినిపించింది. సగం భోజనంలో లేచి చెయ్యి కడుక్కుని, రేపటి నుంచి అక్క కారు ప్రాక్టీసు బందని ప్రకటించాడు.

ఇక్కడ మా అక్క సంగతి కొంచెం చెప్పాలి. ఆవిడ స్కూలు యూనిఫాంలు కుట్టిస్తుంది. కుట్టిన బట్టల మూటలు స్కూళ్ళకి చేర్చాలంటే కారు కావాలి. కారు కావాలంటే బావని అడగాలి. బావని అడిగితే, ఒక్క మూట కోసం బండి తియ్యడమేమిటి, ఇంకో రెండు మూటలు కానీ అంటాడు. స్కూళ్ళు తెరిచాక కూడా పిల్లలు పాత చొక్కాలతోనే తిరుగుతున్నారని హెడ్‌మాస్టర్లు ఫోన్లు చేస్తుంటారు. అందుకని ఆవిడే డ్రైవింగు నేర్చుకోవాలనుకుంది. లైసెన్సు పరీక్ష వచ్చే బుధవారమే. అది రెండోసారి.

మొదటిసారి బావే నేర్పాడు. క్లచ్ తొక్కేలోపు తొక్కలేదేమంటాడు, తొక్కాక ఎందుకు తొక్కావంటాడు. ఎదురుగా అర ఫర్లాంగు దూరంలో కుక్క కనిపిస్తే చాలు, తన వైపు లేని బ్రేకుని తొక్కేస్తాడు. ఆ చోట కారు మ్యాటు అరిగిపోయి కింద రేకు కనిపిస్తోంది. పరీక్ష రోజున ఇన్‌స్పెక్టరు పక్కన కూర్చుని ఏమీ అనలేదు. ఇప్పుడరుస్తాడేమో, ఇప్పుడరుస్తాడేమో అని ఎదురు చూస్తూ అక్క బండిని గేటు దగ్గరే ఆపేసింది.

ప్రాక్టీసు లేదు, పరీక్ష పై నెలలో చూద్దాం, పెట్రోలు అపురూపం అన్నాడు బావ. అక్క తలెత్తకుండా సరేనంది. మా అక్క వాదించినంతసేపూ నాకు భయముండదు. సరేనంటే మాత్రం నేను మేడ మీదికి వెళ్ళిపోతాను.

మర్నాడు పొద్దున్నే బావ నన్ను తోడు తీసుకుని బంకుకి వెళ్ళాడు. ఊళ్ళో ముందుచూపు ఉన్నది ఆయనొక్కడికే కాదని అక్కడ తెలిసింది. వరస బంకు దాటి, బ్యాంకు దాటి, సందు మలుపు తిరిగి, మళ్ళీ దాదాపు మా ఇంటి దాకా వచ్చింది. ఇంట్లోంచి కదలకుండా ఉన్నా వరసలో ఉన్నట్టే లెక్క. మధ్యాహ్నానికి కారు ట్యాంకు నిండింది. బావ డిక్కీ తెరిచి రెండు ప్లాస్టిక్ డబ్బాలు బయటికి తీశాడు. డబ్బాల్లో పొయ్యడానికి వీల్లేదు, బండికైతేనే పోస్తాం అన్నాడు బంకతను.

బావ తిరిగి వస్తూ దారి పొడుగునా ఆలోచించాడు. ఇంటి గేటు దగ్గర కారాపి అన్నాడు:

"డబ్బాలో పొయ్యరు. బండిలో పోస్తారు. అంటే బండి కూడా డబ్బాయే కదా. చక్రాలున్న డబ్బా."

మొదటి డబ్బా నా స్కూటరే అయింది. నింపించి, తాళం తన జేబులో వేసుకుని, షాపు దగ్గరేగా, నడక ఒంటికి మంచిదన్నాడు. రెండోది పక్క వాటాలో ఉండే పాటల టీచరుగారి మోపెడ్. ఆవిడ పిల్లల ఇళ్ళకి వెళ్ళి సంగీతం చెబుతుంది. ఎండలో మీరేం నిలబడతారమ్మా, నేను పోయించి పెడతాను అని బావ అడిగితే, ఆవిడ కళ్ళు చెమర్చాయి. ఇన్నేళ్ళూ ఈ మనిషిని అపార్థం చేసుకున్నానని అక్కతో చెప్పుకుంది.

మూడోది మా నాన్న స్కూటరు. అది కదలడం మానేసి చాలా ఏళ్ళయింది. నాన్న దాని మీద తువ్వాళ్ళు ఆరేసుకుంటున్నాడు. దాన్ని ఊరికి ఆ చివర నుంచి నేను తోస్తే, బావ హ్యాండిలు పట్టుకుని దారి చూపించాడు. నడవని బండికి పెట్రోలెందుకని బంకతను అడిగాడు. నడవకపోవడమే దీని గొప్ప, పోసినది పోసినట్టు ఉంటుందన్నాడు బావ.

శనివారం సాయంత్రానికి మా వాకిట్లో నాలుగు బండ్లు నిండు ట్యాంకులతో నిలబడ్డాయి. బావ వాటి మధ్య కుర్చీ వేసుకుని, ఆసుపత్రి స్టోర్సులో కూర్చున్నంత హాయిగా కూర్చున్నాడు. అక్క కుట్టు మిషను దగ్గర నుంచి లేచి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"వాళ్ళొచ్చి వాళ్ళ బండి ఇమ్మంటే?"

"ఇస్తాం. బండి వాళ్ళదేగా. పెట్రోలు మాత్రం నాది."

"అయితే వాళ్ళు బండి తీసుకెళ్ళాక పెట్రోలు దిగి నడుచుకుంటూ వస్తుందా?"

బావ లేచి నాలుగు ట్యాంకుల మూతలూ ఒకసారి బిగించి చూశాడు. ఆయన ముందుచూపు అంతవరకూ చేరలేదని నాకర్థమైంది.

ఆదివారం రాత్రి వార్తల్లో సమ్మె లేదన్నారు. చర్చలు ఫలించాయట. ఊరంతా సంతోషించింది. మా బావ మాత్రం ఇంట్లో ఎవరో పోయినట్టు గోడకానుకుని కూర్చున్నాడు. కానీ సోమవారం పొద్దున్నే బంకుల ముందు తాళ్ళు కట్టేశారు. అందరూ మా బావలాగే ఎగబడి పట్టుకుపోయేసరికి చుక్క మిగల్లేదు. కొత్త లారీలు రావడానికి రెండు మూడు రోజులు పడుతుందన్నారు. సమ్మె లేకుండానే సమ్మె జరిగింది. ఊళ్ళో పెట్రోలంతా ఇళ్ళ ముందు నిలబడి ఉంది. తీస్తే అయిపోతుందని ఎవరూ బండి తియ్యడం లేదు. రోడ్లు మాత్రం తుడిచిపెట్టినట్టున్నాయి.

బావ ముఖం వికసించింది. అది ఎక్కువసేపు నిలవలేదు. అక్క ముందురోజే నాన్నకి ఫోను చేసిందని మాకు తెలియదు. నాన్న మెకానిక్కుని వెంటబెట్టుకుని వచ్చాడు. మెకానిక్కు ఏదో విప్పాడు, ఊదాడు, బిగించాడు. నాన్న ఒక్క తన్ను తన్నేసరికి స్కూటరు లేచింది. మీరు నింపించారని అమ్మాయి చెప్పింది అల్లుడుగారూ, ఈ రోజుల్లో ఇంత శ్రద్ధ ఎవరికుంటుంది అని బావ భుజం తట్టి, హారను మోగించుకుంటూ వెళ్ళిపోయాడు.

పాటల టీచరుగారు తయారై పది నిమిషాల్లో వస్తానని మాకు కబురు పెట్టింది. బావ గబగబా లోపలికి వెళ్ళి ఒక సన్నటి గొట్టం తెచ్చాడు. గ్లూకోజు ఎక్కించడానికి వాడేది. ఆసుపత్రి స్టోర్సు నుంచి అంత తేలిగ్గా బయటికి వచ్చిన వస్తువు బహుశా అదొక్కటే. ఒక కొస మోపెడ్ ట్యాంకులోకి వదిలి, రెండో కొస నోట్లో పెట్టుకుని, కింద నన్నొక డబ్బా పట్టుకోమని పీల్చడం మొదలుపెట్టాడు. గొట్టం సన్నం కావడంతో ఏమీ రాలేదు. గట్టిగా పీల్చాడు. ఇంకా గట్టిగా పీల్చాడు. అప్పుడు వచ్చింది.

మొత్తం మీద మా బావ వెనక్కి రాబట్టుకోగలిగిన పెట్రోలు ఆ గుక్కెడే.

ఆయన గొంతు పట్టుకుని కూలబడ్డాడు. కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి. దగ్గు ఆగడం లేదు.  నాకు కారు నడపడం రాదు, బస్సులు లేవు, ఆటోలు లేవు. అక్క పరుగెత్తుకొచ్చి ఆయన నోరు కడిగించి, మింగకుండా ఉమ్మేయమని చెప్పి, జేబులోంచి కారు తాళం తీసింది.  ఆయన్ని ముందు సీట్లో కూర్చోబెట్టాం. నేను వెనక కూర్చున్నాను.

అక్క కారు తీసింది. క్లచ్ తొక్కింది, గేరు వేసింది, వీధి మలుపు తిరిగింది. పక్క నుంచి ఒక్క మాట లేదు. ఆసుపత్రి మెట్ల దాకా బండి ఒక్కసారి కూడా ఆగిపోలేదు. అది ఆవిడ గమనించిందో లేదో నాకు తెలియదు. నేను గమనించాను. బావ కూడా గమనించాడు. ఆ స్థితిలో కూడా ఆయన కాలు రెండుసార్లు రేకుని తొక్కింది.

డాక్టరు పరీక్ష చేసి, ఊపిరితిత్తుల్లోకి పోలేదు, గండం గడిచిందన్నాడు. ఆయన మాట వినగానే అక్క బల్ల మీద కూర్చుండిపోయి కొంగుతో ముఖం తుడుచుకుంది. గొంతు బాగా మండింది కాబట్టి బుధవారం దాకా ఒక్క మాట కూడా మాట్లాడకూడదని డాక్టరు చెప్పాడు. తర్వాత బావ చేతిలో ఇంకా వేలాడుతున్న గొట్టం వైపు చూశాడు. ఈ గొట్టాలు స్టాకు లేవని పోయిన నెల నన్ను వెనక్కి పంపించారు కదండీ అని మెల్లగా అడిగాడు. బావ మాట్లాడకూడదు కాబట్టి మాట్లాడలేదు.

ఇంటికొచ్చాక అక్క ఆయన్ని పడక్కుర్చీలో కూర్చోబెట్టి, దిండు సర్ది, ఎదురుగా నిలబడింది.

"ఏవండీ, రోడ్లు ఖాళీగా ఉన్నాయి. బుధవారం దాకా రోజూ కారు తీసుకెళ్ళి ప్రాక్టీసు చేద్దామనుకుంటున్నాను. మీకేమైనా అభ్యంతరముంటే ఇప్పుడే చెప్పండి."

బావ రెండు చేతులూ అడ్డంగా ఊపాడు.

"నెమ్మదిగా నడపమంటున్నారు మీ బావ," అంది అక్క నాతో.

బావ తల అటూ ఇటూ తిప్పాడు.

"రెండు వైపులా చూసుకోమంటున్నారు."

రాసి చూపిద్దామని ఆయన నా జేబులో పెన్ను కోసం చెయ్యి చాచాడు. నా స్కూటరు తాళం శుక్రవారం నుంచి ఆయన దగ్గరే ఉంది, నేను షాపుకి నడిచే వెళ్తున్నాను. ఆ చేతిని రెండు చేతుల్లోకి తీసుకుని, ఏమీ కాదు బావా, ధైర్యంగా ఉండు అని ఓదార్చాను.

పాటల టీచరుగారు ఆయన్ని పలకరించి, దణ్ణం పెట్టి, నిండు ట్యాంకుతో మోపెడ్ తీసుకుపోయింది. స్కూటరు తాళం నేను ఆయన చొక్కా ఉతకడానికి వేస్తూ తీసుకున్నాను.

ఆ సాయంత్రమూ, మంగళవారమంతా అక్క ఊరూ, చుట్టుపక్కల ఊళ్ళూ తిరిగింది. నేర్చుకునేవాళ్ళ పక్కన లైసెన్సున్నవాళ్ళు ఉండాలి కాబట్టి బావ ఉన్నాడు. పైగా ఆయనకి తన పెట్రోలు ఎటు పోతోందో కళ్ళారా చూసుకోవాలనిపించింది. అక్క ముందుకి నడిపింది, వెనక్కి నడిపింది, మూడు స్కూళ్ళకి మూటలు చేర్చింది. ఒక్కొక్క మూటకి ఒక్కొక్కసారి వెళ్ళింది. మంగళవారం సాయంత్రం ఆవిడ ఎడంచేత్తో గేరు మారుస్తూ నాతో కబుర్లు చెబుతోంది. బావ పెట్రోలు ముల్లు వైపే చూస్తున్నాడు. అది ఎటు కదిలితే ఆయన కనుబొమలు అటు కదులుతున్నాయి.

బుధవారం పొద్దున్న పెరట్లో బావ గొంతు సవరించుకోవడం నాకు వినిపించింది. స్టాకు, స్టాకు అని రెండుసార్లు అని చూసుకున్నాడు. గొంతు వచ్చింది. అయినా లోపలికి వచ్చి ఎవరికీ చెప్పలేదు. రెండు రోజుల మాటలు పోగుపడి ఉన్నాయి. పరీక్ష అవగానే అన్నీ ఒకేసారి అనడానికి దాచుకున్నాడని ఆయన ముఖం చూస్తే తెలుస్తూనే ఉంది.

పరీక్షకి చాలామంది రాలేదు. వచ్చినవాళ్ళు కూడా బండి లేకుండా నడిచి వచ్చారు. తీరిగ్గా ఉన్న ఇన్‌స్పెక్టరు అక్క చేత ప్రతిదీ రెండుసార్లు చేయించాడు. గుంజల మధ్య నుంచి వెనక్కి తీసుకెళ్ళమన్నాడు, ఎత్తు మీద ఆపి మళ్ళీ కదిలించమన్నాడు. నేనూ బావా బెంచీ మీద కూర్చుని చూశాం. బండి ఎక్కడా ఆగిపోలేదు. ఎత్తు మీద అక్క బ్రేకు వేసినప్పుడు బావ కాలు సిమెంటు గచ్చుని తొక్కింది.

ఇన్‌స్పెక్టరు కారు దిగి, పాసయ్యారమ్మా, పోయినసారికీ ఇప్పటికీ పోలికే లేదు, ఈసారి ఎవరు నేర్పారు అని అడిగాడు.

అక్క బావ వైపు చూపించింది. "మావారేనండీ. రెండు రోజులూ పక్కనే కూర్చున్నారు. ఒక్క మాట అనలేదు."

 ఇన్‌స్పెక్టరు బెంచీ దగ్గరికి వచ్చి బావ చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఊపాడు. ఇన్నేళ్ళ సర్వీసులో భార్యకి డ్రైవింగు నేర్పిన భర్తల్ని చాలామందిని చూశాననీ, ఒక్క మాట అనకుండా నేర్పినవాణ్ణి ఇదే చూడటమనీ అన్నాడు. లోపల గుమాస్తాల్ని కూడా పిలిచి చూపించాడు. వాళ్ళు లేచి నిలబడ్డారు.

బావ నోరు తెరిచాడు. ఇన్‌స్పెక్టరునీ, గుమాస్తాలనీ, అక్కనీ వరసగా చూశాడు. నోరు మూసుకుని, వినయంగా తల వంచాడు.

తిరిగి వచ్చేటప్పుడు అక్క నడిపింది. బావ పక్కన కూర్చున్నాడు. పెట్రోలు ముల్లు అడుగున ఎర్రగీత మీద ఆగి ఉంది. వెనక సీట్లో ఉన్న నాకు కూడా కనిపిస్తోంది. బ్యాంకు దగ్గర మలుపు తిరిగేసరికి బంకు తెరిచి ఉంది. లారీ వచ్చి వెళ్ళినట్టుంది, తాళ్ళు విప్పేశారు. వరస లేదు. బంకతను ఖాళీగా నిలబడి మమ్మల్నే చూస్తున్నాడు.

అక్క నాతో మాట్లాడుతూ బంకు దాటించేసింది. బావ మెడ తిప్పి, అది కనుమరుగయ్యేదాకా చూశాడు. మాట మాత్రం అనలేదు.