శనివారం శవం

థార్న్‌బీ సాండ్స్ పట్టణం బాగుపడాలంటే ఇక్కడొక హత్య జరిగి తీరాలని మా కౌన్సిల్ నాయకులు క్లిఫర్డ్ బ్రామ్‌హాల్ గారు సముద్రపు ఒడ్డున ఎదురుగాలిలో నిలబడి ప్రకటించారు. మధ్యలో ఆయన టోపీ ఎగిరి సముద్రంలో పడింది. ప్రకటన మాత్రం చెక్కుచెదరలేదు. అంతటి దృఢచిత్తులు.

"మన పాత వైభవం మనకి తిరిగి రావాలి! 'శనివారం శవం' మళ్ళీ లేవాలి!" అన్నారాయన. అక్కడున్న ముసలివాళ్ళం కళ్ళు తుడుచుకున్నాం. సగం గాలికి, సగం నిజంగానే.

ఈ కాలం పిల్లలకి తెలియదు గనక చెబుతున్నాను. టీవీకి మూడే చానెళ్ళున్న రోజుల్లో 'శనివారం శవం' అనే టీవీ ఆటని మా పెవిలియన్ హాల్లోనే తీసేవారు. ముందు చిన్న నాటకం. ఎవరో ఒక పెద్దమనిషి బంగళాలో కార్పెట్ మీద పడి చస్తాడు. తర్వాత అనుమానితులంతా వరసగా కుర్చీల్లో కూర్చుంటారు. ఎదురుగా నలుగురు అతిథులు ప్రశ్నల మీద ప్రశ్నలేసి హంతకుణ్ణి పట్టుకోవాలి. ఆటకి నియమం ఒక్కటే: హంతకుడికి తప్ప ఇంకెవరికీ అబద్ధమాడే హక్కు లేదు. చివర్లో వ్యాఖ్యాత "హంతకుడు లేచి నిలబడాలి!" అంటాడు. డోలు మోగుతుంది. ఎవరో ఒకరు సిగ్గుపడుతూ లేస్తారు.

అది వస్తున్నంతసేపూ ఊళ్ళో దొంగతనాలు జరిగేవి కావు. దొంగలు కూడా చూసేవాళ్ళు. బంగళా గోడలు అట్టవి కావడంతో తలుపు గట్టిగా వేస్తే ఇల్లంతా ఊగేది. అందుకని హంతకులు ఎంత కోపంలో ఉన్నా తలుపు మెల్లగా వేసి వెళ్ళేవాళ్ళు. మా ఊరి మర్యాదకి పునాది అక్కడే పడింది. ఒకసారి శవానికి తుమ్మొచ్చింది. అతిథుల్లో ఉన్న రిటైర్డ్ జడ్జి ఒకాయన ఆ తుమ్మునే ఆధారంగా తీసుకుని, నస్యం పీల్చే వంటావిడే చంపిందని తేల్చాడు. నిజంగా ఆవిడే చంపింది! న్యాయశాస్త్రం అంటే అదీ.

ఆ ఆటలో వారం వారం టీ ట్రేతో వచ్చి, శవాన్ని చూసి కెవ్వుమనే పనిమనిషి మా మ్యూరియల్ ఒగ్డెన్. ఇప్పుడు ఎనభైకి దగ్గర పడింది. అదే హాల్లో ప్రతి మంగళవారం ఒంటరి ముసలివాళ్ళకి వేడివేడిగా మాంసం కూరి కాల్చిన 'పై' రొట్టె, మెదిపిన బంగాళాదుంప, బఠాణీలు వడ్డిస్తుంది. అక్కడికొచ్చే వాళ్ళలో కొందరు మంగళవారం తప్ప మిగతా రోజుల్లో మనిషితో మాట్లాడరు. పిల్లితో మాట్లాడతారు. పిల్లి లేనివాళ్ళు మంగళవారం కోసం చూస్తారు.

అందుకే ఆ హాల్లోకి ఎవరో టేపులు పట్టుకొచ్చి కొలతలు తీసుకుంటుంటే మ్యూరియల్‌కి అనుమానం వచ్చింది. నన్ను వెంటేసుకుని నేరుగా బ్రామ్‌హాల్ గారి దగ్గరికి వెళ్ళింది. ఆయన లాగూ తొడుక్కునే వయసులో ఆవిడ చేతి టాఫీలు తిన్నవాడే.

"ఏరా క్లిఫ్, హాలు అమ్మేస్తున్నారట?"

"అయ్యో, ఎవరు చెప్పారు మ్యూరియల్ ఆంటీ! కర్టెన్లకి కొలతలు తీస్తున్నారు."

"పైకప్పెక్కి కొలిచారు కదరా!"

"పెద్ద కర్టెన్లు," అన్నారాయన.

నేను చాలా ఊళ్ళు చూశాను గానీ ఇంత ముందుచూపున్న నాయకుణ్ణి చూడలేదు.

వేషాలు పంచడానికి కౌన్సిల్ సమావేశం పెట్టారు. నాకు ముదురు ఎరుపు వెల్వెట్ కోటు ఉందన్న ఒకే ఒక్క అర్హత మీద వ్యాఖ్యాత పని నాకిచ్చారు. శవం వేషం మా ఎంపీ సర్ రోడరిక్ పింక్నీ గారు పట్టుబట్టి తీసుకున్నారు. శవాన్ని ఎవరూ ప్రశ్నలడగరని ఆయనకి ఎవరో చెప్పారట.

చిక్కంతా హంతకుడి దగ్గర వచ్చింది.

"మే నెలలో ఎన్నికలు పెట్టుకుని నేను హంతకుణ్ణి ఎలా అవుతాను? అవతలి పార్టీ వాళ్ళు పాంఫ్లెట్ వేసేయరూ! నాకు పాస్టరు వేషం ఇవ్వండి," అన్నారు బ్రామ్‌హాల్ గారు.

"నేను నర్సుని. నా వార్డులో ఆసుపత్రి ఉంది," అన్నారు కౌన్సిలర్ శ్రీమతి థర్కెల్.

ఉపనాయకుడు స్టాట్ గారు అంతవరకూ ఫోను చూసుకుంటున్నారు. "అందరూ ఏదంటే నేనూ అదే," అన్నారు. ఆయన్ని బట్లర్ని చేశారు.

చర్చ జరిగింది. ఉపసంఘం వేశారు. ఉపసంఘం బిస్కెట్లు తిని నివేదిక ఇచ్చింది. హత్య చేసే పనిని బయటి కాంట్రాక్టుకి ఇవ్వాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. పక్క ఊరి నుంచి ఒక నటుణ్ణి పిలిపించి ప్లంబరు వేషం వేయించి, హంతకుడు అతనే అన్నారు.

"అంటే మీరు ముగ్గురూ నిర్దోషులన్నమాట," అంది వెనక బెంచీ మీద ఊలు అల్లుకుంటున్న మ్యూరియల్.

"నూటికి నూరుపాళ్ళు!" అన్నారు బ్రామ్‌హాల్ గారు ఛాతీ విరిచి.

"అయితే ఆట అయ్యేదాకా ముగ్గురూ నిజమే చెప్పాలి."

గదిలో ఎవరిదో బిస్కెట్ టీలో పడిపోయింది.

"అది... అది మా పార్టీ విధానమే కదండీ," అన్నారాయన.

మ్యూరియల్ ఊలు సంచీలో పెట్టుకుంది. "నన్ను అతిథుల్లో కూర్చోబెట్టండి. ఎన్నేళ్ళు అరిచాను ఆ స్టేజీ మీద! ఒక్కసారన్నా ప్రశ్న అడగనివ్వండిరా," అంది. పాత పనిమనిషి అతిథి అయితే పేపర్లో ఫోటో బాగా పడుతుందని బ్రామ్‌హాల్ గారు ఆనందంగా ఒప్పుకున్నారు.

శనివారం మధ్యాహ్నం హాలు కిక్కిరిసిపోయింది. నారింజరంగు గోడలు, గోధుమరంగు సోఫా, అట్ట కిటికీ అన్నీ అచ్చం అప్పటిలాగే పెట్టారు. తలుపు తెరిచేసరికి గోడ ఊగింది. జనం ఆనందంతో ఈలలేశారు. సర్ రోడరిక్ విషం తాగి, కడుపు పట్టుకుని, పార్టీ సాధించిన విజయాలు కొన్ని చెప్పి, నెమ్మదిగా కార్పెట్ మీద కూలారు. మంచి మధ్యాహ్నభోజనం మీద వచ్చారు కాబోలు, కాసేపటికే శవం సన్నగా గురక పెట్టడం మొదలుపెట్టింది. అచ్చం పాతకాలంలోలాగే ఉందని అందరూ మెచ్చుకున్నారు.

ప్రశ్నలు మొదలయ్యాయి. అతిథుల్లో స్థానిక పత్రిక విలేఖరి మిస్ కెండల్ విషం సీసా గురించి అడిగింది. డాక్టరు గారు చేతిగుడ్డ గురించి అడిగారు. లైఫ్‌బోటు నడిపే హార్గ్రీవ్ తనకేమీ తోచడం లేదని నిజాయితీగా చెప్పాడు. తర్వాత మ్యూరియల్ కళ్ళజోడు సర్దుకుంది.

"పాస్టరు గారూ, ఈ హాలు అమ్మేశారా?"

గోడ తనంతట తనే ఊగింది.

"వ్యాఖ్యాత గారూ! ఆ ప్రశ్నకీ కథకీ సంబంధం లేదు," అన్నారు బ్రామ్‌హాల్ గారు నా వైపు తిరిగి.

"ఎందుకుండదు?" అంది మ్యూరియల్. "మనిషి చచ్చింది ఈ ఇంట్లో. ఇల్లెవరిదో తేలకుండా చంపిందెవరో ఎలా తేలుతుంది?"

వెల్వెట్ కోటు తొడుక్కున్నాక మనిషికి ధర్మబుద్ధి దానంతటదే వస్తుంది. ప్రశ్న చెల్లుతుందన్నాను.

"లేదు," అన్నారు బ్రామ్‌హాల్ గారు. "అమ్మలేదు."

"నర్సమ్మా, నువ్వు చెప్పు. అమ్మేశారా?"

"లేదు లేదు," అన్నారు శ్రీమతి థర్కెల్ తన బూట్లకేసి చూస్తూ.

"బట్లరూ?"

"లేదండి," అన్నారు స్టాట్ గారు. "ఏ హాలండీ?"

ఇక మిగిలింది ప్లంబరు. అబద్ధమాడటానికి హాలు మొత్తంలో చట్టబద్ధంగా అనుమతి ఉన్నది అతనొక్కడికే.

"నేను ఈ ఊరివాణ్ణి కాదు తల్లీ," అన్నాడతను పాపం. "వ్యాను పెట్టుకోవడానికి వెనకవైపు వెళితే అక్కడ ఓ పెద్ద బోర్డు గోడకి ఆనించి ఉంది. 'సముద్రం కనిపించే ఫ్లాట్లు, బుకింగ్ మొదలైంది' అని. గులాబీరంగు అక్షరాలు. బాగానే రాశారు."

జనంలో గుసగుస లేచింది. మంగళవారం భోజనాల వాళ్ళు కూర్చున్న వరసంతా మ్యూరియల్ కేసి చూసింది. మ్యూరియల్ వాళ్ళ వైపు ఒకసారి చూసి వేదిక వైపు తిరిగింది. గొంతు పెంచలేదు.

"ఆట నియమం మరోసారి చెబుతా వినండి నాయనా. హంతకుడు అబద్ధమాడితే అది ఆట. మిగతా వాళ్ళాడితే అబద్ధమే."

మిస్ కెండల్ పెన్ను మూత తీసింది. "సోమవారం పేపరుకండీ," అంది బ్రామ్‌హాల్ గారితో మర్యాదగా. "మీరు ఏ కోవలోకి వస్తారో ఆట అయ్యాక రాసుకుంటాను."

అతిథులు ఆలోచించుకోవడానికి కొంచెం టైమిచ్చాం. ఆ టైములో అతిథులెవరూ ఆలోచించలేదు. ఆలోచించిందంతా అనుమానితులే. బ్రామ్‌హాల్ గారి నుదుటి మీద చెమట పాస్టరు కాలరు దాకా దిగడం నేను దగ్గర్నుంచి చూశాను. శ్రీమతి థర్కెల్ నర్సు టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నారు. స్టాట్ గారు మాత్రం ఆ ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నారు.

డోలు మోగింది. నేను కోటు సవరించుకుని, ఇన్నేళ్ళూ ఈ ఊరు ఎదురుచూసిన మాట అన్నాను.

"హంతకుడు లేచి నిలబడాలి!"

ప్లంబరు లేవబోయాడు. అతనికంటే ముందే బ్రామ్‌హాల్ గారు కుర్చీ పడిపోయేంత వేగంగా లేచారు.

"నేనే! నేనే చంపాను!" అన్నారు గుండెల మీద చెయ్యి వేసుకుని. ఎన్నికల సభల్లో కూడా ఆయన గొంతు అంత నిజంగా పలకలేదు.

"ఆయన కాదు, నేను!" అంటూ శ్రీమతి థర్కెల్ లేచారు. "విషం కలిపింది నేను!"

"నేను కూడా," అంటూ స్టాట్ గారు లేచారు.

వాళ్ళని చూసి ప్లంబరు మళ్ళీ కూర్చున్నాడు. ఇంతమంది ఉన్నచోట తన అవసరం లేదనుకున్నాడేమో.

ఈ హడావుడికి కార్పెట్ మీద గురక ఆగింది. సర్ రోడరిక్ ఒక కన్ను తెరిచారు. తన పార్టీ వాళ్ళంతా ఓటింగుకి లేచినట్టు నిలబడి ఉండటం చూశారు. ఇరవై ఏళ్ళ పార్లమెంటు అనుభవం ఊరికే పోదు. మోకాళ్ళ మీద చేతులు ఊని, మెల్లగా, హుందాగా శవం లేచి నిలబడింది.

"అనుకూలం!" అంది.