మూడో పాటలో గాత్రం

సంస్కృతి అనేది గేటు లోపల మొదలవుతుందని ఆర్కిడ్ సొనాటా విల్లాల యజమానుల సంఘం సర్వసభ్య సమావేశంలో ఏకగ్రీవంగా తీర్మానించింది. గేటు బయటినుంచి వినబడేదంతా శబ్ద కాలుష్యమని అదే తీర్మానం రెండో పేరాలో ఉంది.

ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఎకరాల్లో కొన్న భూమిని గజాల్లో అమ్ముతున్న రోజులవి. బిల్డరు సంగీతప్రియుడు కాబట్టి వీధులన్నిటికీ వాయిద్యాల పేర్లు పెట్టాడు. వీరరాఘవులు శాక్సఫోన్ అవెన్యూలో విల్లా కొన్నాడు. శాక్సఫోన్ ఎలా ఉంటుందో అతనికి తెలియదు గానీ, ఈశాన్యం పెరిగిన స్థలాలన్నీ ఆ వీధిలోనే ఉన్నాయి.

తణుకు నుంచి వచ్చి, పీవీసీ పైపుల దుకాణం పెట్టి, బొంగులూరు దాకా ఉన్న వెంచర్లన్నిటికీ పైపులు అమ్మి పైకొచ్చిన మనిషి. ఎంత పైకొచ్చినా కాలనీలో అందరూ అతన్ని వెనకాల 'పైపుల రాఘవులు' అంటారు. అది అతనికి తెలుసు. తెలిసి కుమిలిపోతున్నాడు. ఆదివారం జరిగే సంఘం ఎన్నికల్లో గెలిస్తే ఆ పేరు పోయి 'ప్రెసిడెంటు గారు' అవుతాడు. అందుకోసం అతనిచ్చిన హామీ ఒక్కటే. ప్రహరీ గోడ అవతలి గోల ఆపిస్తాడు.

గోడ అవతల పాత ఊళ్ళో ఇశ్రాయేలు ఉంటాడు. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాడు. తండ్రి పెళ్ళి బ్యాండులో క్లారినెట్ వాయించేవాడు. కొడుకు శాక్సఫోన్ దగ్గరికొచ్చాడు. సాయంత్రాలు ముగ్గురు స్నేహితుల్ని వేసుకుని డాబా మీద వాయిస్తాడు. అప్పుడు వీరరాఘవులు తన డాబా ఎక్కి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టి, "ఆపండెహె!" అని ఒక్క కేక పెడతాడు. ఆ కేకకే కాలనీలో సగం ఓట్లు ఖాయమయ్యాయి.

మిగతా సగం హేమచంద్ర చేతిలో ఉన్నాయి. హేమచంద్ర సాఫ్ట్‌వేరు మనిషి, సాంస్కృతిక కమిటీ కన్వీనరు, గోడకి గిటారు తగిలించుకున్నవాడు. ఎన్నికలకి వారం ముందు కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజి పెట్టాడు: ఇండిపెండెంట్ జాజ్ ఆల్బమ్స్ మీద ఆసక్తి ఉన్నవారు చెప్పగలరు.

వీరరాఘవులు వ్యాపారంలో ఇండిపెండెంట్ అన్న మాట తర్వాత వచ్చేది హౌస్ ఒక్కటే. ఆల్బం అంటే ఫొటోలు. కాబట్టి వెంటనే జవాబిచ్చాడు: "తూర్పు ఫేసింగ్ ఉంటే ఒకటి చూద్దాం. జాజ్ వాళ్ళకి అప్రూవల్ వచ్చిందా?"

గ్రూపంతా పడీపడీ నవ్వే బొమ్మలతో నిండిపోయింది. ఏ కంపెనీ అండా లేకుండా తమ పాటలు తామే రికార్డు చేసి వదిలే సంగీతకారులను ఇండిపెండెంట్ అంటారనీ, సొంత ఇల్లు ఉందా లేదా అన్నది అప్రస్తుతమనీ హేమచంద్ర ఓపికగా వివరించాడు. ఆ ఓపికే వీరరాఘవులుకి మరీ మండింది. ఆ రాత్రి అన్నం సహించలేదు. తెల్లారేసరికి తను పుట్టుకతోనే జాజ్ అభిమానినని నిర్ణయించుకుని, శుక్రవారం సాయంత్రం కమిటీని మొత్తం ఇంటికి పిలిచాడు.

కొత్త స్పీకర్లు వచ్చాయి. భార్య కనకరత్నం పునుగులు వేసింది. జాజ్ వింటూ పునుగులు తినకూడదని హేమచంద్ర నిట్టూర్చాడు. ఆ నిట్టూర్పు పూర్తయ్యేసరికి పళ్ళెం ఖాళీ అయింది.

హేమచంద్ర తన ఫోన్లో ఆల్బం తీశాడు. ముఖచిత్రం మీద ఇంగ్లీషు అక్షరాల్లో ఇజ్రాయెల్ అని ఉంది. ఆ దేశపు కుర్రాళ్ళు నలుగురట, వెనక ఏ కంపెనీ లేదట. పేరు కింద ఒక గోడ ఫొటో. జెరూసలేంలో ఒక గోడ ఉందని అందరూ ఎక్కడో చదివినవాళ్ళే కాబట్టి అందరూ తలలూపారు. గోడలోంచి పొడుచుకొచ్చిన నీళ్ళ గొట్టం తను అమ్మే నాలుగంగుళాల రకంలా ఉందని వీరరాఘవులుకి అనిపించింది. కానీ తన సరుకు జెరూసలేం దాకా వెళ్ళిందనడానికి ఆధారమేమీ లేదు గనక ఊరుకున్నాడు.

సంగీతం మొదలైంది. అందరూ కళ్ళు మూసుకున్నారు. మూడో పాట మధ్యలో శాక్సఫోన్ కాస్త తగ్గింది. ఎక్కడో దూరం నుంచి, ప్రతిధ్వనులతో సాగుతూ ఒక మగ గొంతు వచ్చింది. ఆఆపాం... దెహే... హే... హే...

కమిటీ సభ్యురాలు కిరణ్మయి కళ్ళు తుడుచుకుంది. "ఆ గొంతులో ఎంత వేదనండీ!"

"హీబ్రూ," అన్నాడు హేమచంద్ర. "పురాతన ప్రార్థన."

కనకరత్నం భర్త చెవి దగ్గరికి వంగింది. "ఏవండీ, అది మీ గొంతు కదండీ?"

వీరరాఘవులు భార్యకేసి గుడ్లురిమి, మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. తన కేకకి ఒకరు కన్నీళ్ళు పెట్టుకోవడం జీవితంలో ఇదే మొదలు. భయంతో పాటు, చెప్పుకోలేని సంతోషం కూడా కలిగింది.

నాలుగో పాట మొదలవుతుండగా ఫోన్లో ఛార్జింగ్ అయిపోయింది. తెర నల్లబడింది. చిత్రమేమిటంటే పాట ఆగలేదు. అదే శాక్సఫోన్, అదే వరస. అందరి తలలూ ఊగుతూనే ఉన్నాయి. హేమచంద్రయితే ఇప్పుడు వాయిద్యంలో మరింత లోతు వచ్చిందన్నాడు.

"పాట ఫోన్లోంచి కాదండీ, కిటికీలోంచి వస్తోంది," అంది కనకరత్నం.

తలలు ఆగాయి. గోడ అవతల డాబా మీద ఇశ్రాయేలు రోజూలాగే మొదలెట్టాడు. హేమచంద్ర మొహం చిట్లించి చెవులు మూసుకున్నాడు. "ముందా కిటికీ వెయ్యండి, రాఘవులు గారూ. ఈ గోలలో జాజ్ ఎక్కడ వినబడుతుంది?" అంటూ ఫోనుకి ఛార్జరు తగిలించాడు.

కిటికీ వేసినా గోల తగ్గలేదు. అందరూ అభ్యర్థి కేసి చూశారు. హామీ ఏమయిందని ఆ చూపుల అర్థం. కేక పెడితే తన గొంతు తెలిసిపోతుంది. పెట్టకపోతే ఓట్లు పోతాయి. వీరరాఘవులు దేవుడికి దణ్ణం పెట్టుకుని డాబా ఎక్కి, ఒళ్ళంతా గొంతు చేసుకుని అరిచాడు.

"ఆపండెహె!"

కింద హాల్లో చప్పట్లు మోగాయి. ఫోన్లో మళ్ళీ ఛార్జింగ్ ఎక్కి పాట మొదలైందనుకున్నారు. "అదిగో, ప్రార్థన," అంటున్న హేమచంద్ర గొంతు మెట్ల మీదుగా వినబడింది.

అవతలి డాబా మీద ఇశ్రాయేలు శాక్సఫోన్ దించి, పిట్టగోడ దగ్గరికొచ్చాడు.

"జర ఆగున్రి సార్. గిప్పుడు రికార్డింగు నడుస్తలేదు, మీ గొంతు దండగైతది. పోయినసారి మూడో పాటల మస్తు పడ్డది. రెండో ఆల్బం ఐతవారం మొదలువెడుతున్నం. గప్పుడు గిట్లనే ఒర్రున్రి."

ఆదివారమే పోలింగు. వీరరాఘవులు వెనక్కి తిరిగి మెట్లకేసి చూశాడు. ఎవరూ రావడం లేదు. పిట్టగోడ మీదికి వంగి, గొంతు బాగా తగ్గించి అడిగాడు.

"ఎన్నింటికి?"